475 సెకన్లు

(జంషెడ్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఇక్కడున్న పెద్దలందరికీ తెలుసు. అయినా ఆ అమ్మాయి పేరు నేను చెప్పను, అచ్చులోనూ రాదు. ఈ ఉపన్యాసాల కోసం నిధి పెట్టిన రోజునే వాళ్ళ నాన్నగారు ఆ షరతు పెట్టారు. "పేరు తెలిసి ఎవరికేం లాభం నాయనా, జబ్బు పేరు చెప్పండి చాలు" అన్నారు. ముప్పై మూడేళ్ళు కర్మాగారంలో క్రేన్ నడిపిన మనిషి. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటా ఒక వైద్యుణ్ణి పిలిచి, తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడించమన్నారు. మా బర్మామైన్స్ లైన్లలో ఆయన మాకు మావయ్య. రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఇళ్ళన్నీ ఇక్కడ వరసలు కలుపుకొనే బతికాయి. ఇవాళ కూడా మొదటి వరసలో కూర్చున్నారు. మావయ్యా, మీరు అడిగిన పని చెయ్యడానికే నిలబడ్డాను.

జబ్బు పేరు పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్. ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరగడం. పేరులో రక్తపోటు ఉంది కదా అని, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ అనుకోకండి. ఆ పట్టీకి ఇది దొరకదు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

మన గుండెలో రెండు పంపులున్నాయి. ఎడమది ఒళ్ళంతటికీ రక్తం తోస్తుంది, దాని గోడ మందం. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు మాత్రం తోస్తుంది, దాని గోడ పలచన. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం మామూలు మనిషికి 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. ఇప్పుడు 20 దాటితే ఎక్కువ కింద లెక్క వేస్తున్నాం, 2018 దాకా ఆ గీత 25 దగ్గర ఉండేది. ఈ జబ్బులో అర మిల్లీమీటరు కన్నా సన్నని ధమనుల గోడలు లోపలివైపు మందమెక్కి, రక్తం పోయే దారి ఇరుకైపోతుంది. పైపు లోపల తుప్పు పేరుకుంటే పంపు మీద ఎంత భారం పడుతుందో ఈ ఊరివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పలచని కుడి జఠరిక కొన్నాళ్ళు కండ పెంచుకొని నెట్టుకొస్తుంది. తరవాత ఉబ్బిపోతుంది. ఆ తరవాత చేతులెత్తేస్తుంది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో ఎక్కువ, అందులోనూ వయసులో ఉన్నవాళ్ళలో. 1981 నుంచి 1985 దాకా అమెరికాలో ఈ రోగుల వివరాలు వరసగా నమోదు చేసి చూస్తే, జబ్బు బయటపడ్డాక సగం మంది 2.8 ఏళ్ళు దాటలేదు.

1998 వేసవిలో మా క్లినిక్ ఒక కిరాణా కొట్టు పైన, మేడ మీద ఉండేది. ఇరవై రెండు మెట్లు. నేను మధ్యాహ్నం భోజనానికి దిగబోతూ పై మెట్టు మీద ఆగాను. కింద నుంచి ఆ అమ్మాయి ఎక్కి వస్తోంది. ఎనిమిదో మెట్టు మీద ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకుంది. పద్నాలుగో మెట్టు మీద మళ్ళీ వంగి మళ్ళీ సరిచేసుకుంది. ఆ పట్టీ ఊడలేదు, నాకు పైనుంచి స్పష్టంగా కనబడుతోంది. లేచినప్పుడు పెదవుల రంగు కొంచెం నల్లబడి ఉంది. "ఏమ్మా, ఆయాసమా?" అంటే, "లేదన్నయ్యా, చెప్పు జారుతోంది" అంది. అత్తవారింట్లో కూడా అలాగే చెప్పేదట. కొత్త కోడలు మెట్టు మెట్టుకీ ఆగిపోతే ఏమనుకుంటారో అని భయం.

ఛాతీ విన్నాను, ఎక్స్‌రే చూశాను, రక్తం కొంచెం తక్కువుంది. పీల్చే మందు రాశాను, ఐరన్ మాత్రలు రాశాను. ఉబ్బసం అనుకున్నాను. కళ్ళతో చూసిన మెట్ల సంగతి చీటీ మీద రాయలేదు. కార్తీక మాసంలో తులసికోట దగ్గర దీపం పెట్టి లేస్తూ కూలబడింది. అప్పుడు గాని గుండెకు ఎకో స్కాన్ తీయించలేదు. తెర మీద కుడి గుండె ఎడమదాని కన్నా పెద్దదిగా కనబడింది. ఆ ఆరు నెలలూ నా చేతిలో పోయినవే. ఆ సంగతి మావయ్యకు ఎప్పుడో చెప్పాను. ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను.

అప్పుడు మా చేతుల్లో ఏముంది? అన్నీ ఇంకో జబ్బు కోసం పుట్టిన గుండె మందులే. నీరు దిగడానికి లాసిక్స్, గుండె బలానికి డిజాక్సిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ధమనులు సడలడానికి నిఫెడిపిన్. ఈ జబ్బుకని ఎపోప్రోస్టెనాల్ 1995లో అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని రాత్రింబగళ్ళు నరంలోకి పంపుతో ఎక్కిస్తూ ఉండాలి. బర్మామైన్స్‌లో దాని మాటే లేదు.

నిఫెడిపిన్ దగ్గర కాసేపు ఆగుతాను, ఈ ఉపన్యాసం అసలు విషయం అక్కడుంది కనక. అది బీపీకి, గుండెనొప్పికి వాడే మందు. షికాగోలో స్టూవర్ట్ రిచ్ బృందం 64 మంది రోగులకు ఈ జాతి మందుల్ని పెద్ద మోతాదుల్లో ఇచ్చి, 1992లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ళలో 17 మందికి ధమనులు సడలాయి. ఆ 17 మందిలో నూటికి 94 మంది అయిదేళ్ళ తరవాత బతికే ఉన్నారు. చదివినవాళ్ళకి కళ్ళు చెమర్చే అంకె. అయితే మిగిలిన 47 మంది మాటేమిటి? ఫ్రాన్సులో 557 మందిని చూసి 2005లో లెక్క ఇంకా స్పష్టంగా తేల్చారు: గుండెలోకి సన్నని గొట్టం పంపే క్యాథెటర్ పరీక్షలో సడలింపు కనబడినవాళ్ళు 70 మంది, ఏడాది దాటినా ఈ మందుతోనే బాగున్నవాళ్ళు 38 మంది. నూటికి ఏడుగురు కూడా కాదు. ఆ కొద్దిమందికి అది సంజీవని. మిగతావాళ్ళకి ఒంటి బీపీ పడగొట్టి కుడి గుండెను ముంచేసే మందు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో కుడి గుండెలోకి క్యాథెటర్ పంపి, ధమనులు సడలించే మందు కాస్త ఇచ్చి చూస్తే గాని తెలియదు.

ఆ అమ్మాయికి ఆ పరీక్ష చెయ్యకుండానే నిఫెడిపిన్ మొదలుపెట్టారు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు వద్దు. అప్పట్లో చాలాచోట్ల అలాగే చేసేవాళ్ళు. మూడో రోజుకు బీపీ 70కి పడిపోయి, మందు ఆపేశారు. 2000 సంక్రాంతి వెళ్ళిన మూడో వారంలో ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళు నిండలేదు.

అదే సమయంలో, మాకు తెలియకుండా, ఇంకో గుండె మందు కథ నడుస్తోంది. ఇంగ్లండులో కెంట్ జిల్లా శాండ్‌విచ్ అనే ఊళ్ళో ఫైజర్ కంపెనీ పరిశోధనశాల ఉండేది. 1980ల చివర అక్కడివాళ్ళు రక్తపోటు, గుండెనొప్పి తగ్గించాలని ఒక రసాయనం తయారుచేశారు. అదే సిల్డెనాఫిల్. గుండెనొప్పి విషయంలో అది నిరాశపరిచింది. ప్రయోగాల్లో పాల్గొన్న మగవాళ్ళు చెప్పిన ఒక అనుకోని ప్రభావం వల్ల దారి మళ్ళి, 1998లో వయాగ్రాగా బజారుకు వచ్చింది. తరవాతి సంగతి లోకానికి తెలుసు. ఆ పేరు వినగానే జనం నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

ఎందుకంటే ఆ మందు పనిచేసే చోటు మన ఊపిరితిత్తుల్లోనూ ఉంది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఆ కబురు అందుకున్న కండరకణంలో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం పుట్టి, నాళం సడలుతుంది. ఈ కబురు గుట్టు విప్పినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. సైక్లిక్ జీఎంపీని విరిచేసే ఎంజైము ఒకటుంది, పీడీఈ-5. సిల్డెనాఫిల్ ఆ ఎంజైమును ఆపుతుంది, నాళం ఇంకాసేపు సడలి ఉంటుంది. ఆ ఎంజైము ఊపిరితిత్తుల నాళాల్లో దండిగా ఉంది. అంటే ఊహకు ఆధారముంది. 2000 సంవత్సరంలో ఇంగ్లండు వైద్యులు ఒక రోగికి ఇచ్చి మేలు కనబడిందని ఉత్తరం రాశారు. మన దేశంలో 2002లో ఇండియన్ హార్ట్ జర్నల్ ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి: ఒకటి ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, రెండోది హైదరాబాదు కేర్ ఆసుపత్రి నుంచి. రెండింట్లోనూ రోగులు బాగుపడ్డారు.

మందు ఇచ్చారు, రోగులు బాగుపడ్డారు. ఇంకేం కావాలి? చాలామంది వైద్యులు అక్కడే ఆగేవారు. నేనైనా ఆగేవాణ్ణి. హైదరాబాదులో బి.కె.ఎస్. శాస్త్రిగారు, సి. నరసింహన్‌గారు, ఎన్. కృష్ణారెడ్డిగారు, బి. సోమరాజుగారు ఆగలేదు. సోమరాజుగారి పేరు మీకు అబ్దుల్ కలాంగారితో కలిసి చవకైన స్టెంట్ తయారుచేసిన వైద్యుడిగా తెలిసే ఉంటుంది. వాళ్ళు తమ ఆశని తామే పరీక్షకు పెట్టారు.

ఎలా పెట్టారో వివరంగా చెప్పాలి. ఇది అరుదైన జబ్బు, వందలమంది రోగులు దొరకరు. అందుకని 22 మందిని తీసుకొని, ప్రతి మనిషినీ ఆ మనిషితోనే పోల్చారు. కొందరికి ముందు ఆరు వారాలు సిల్డెనాఫిల్, తరవాత ఆరు వారాలు మందులేని మాత్ర. మిగతావాళ్ళకు ముందు మందులేని మాత్ర, తరవాత సిల్డెనాఫిల్. ఎవరికి ఏది ముందో చీటీ తీసినట్టు నిర్ణయం. ఏ మాత్ర మింగుతున్నారో రోగికి తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ఇలా ఒకే మనిషికి రెండూ మార్చి ఇచ్చి చూడటాన్ని క్రాస్ఓవర్ పద్ధతి అంటారు. మనిషి మనిషికీ ఉండే తేడా లెక్కలోంచి తప్పుకుంటుంది కనక, కొద్దిమందితోనే నిజం పట్టుకోవచ్చు. రోగి ముఖం చూసి డాక్టరు, డాక్టరు ముఖం చూసి రోగి పెంచుకునే నమ్మకం కూడా లెక్కలోకి రాదు.

తరవాత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. మందులేని మాత్ర వేసుకున్న ఆరు వారాల చివర వాళ్ళు సగటున నడవగలిగింది 475 సెకన్లు. సిల్డెనాఫిల్ వేసుకున్న ఆరు వారాల చివర 686 సెకన్లు. ఏడు నిమిషాల యాభై అయిదు సెకన్లకు ఆగిపోయే మనిషి పదకొండు నిమిషాల ఇరవై ఆరు సెకన్లు నడిచాడన్నమాట. మూడున్నర నిమిషాలు. బర్మామైన్స్ లైన్ల నుంచి సందు చివర కూరగాయల బండి దాకా వెళ్ళి రావడానికి మూడున్నర నిమిషాలు చాలు.

ఆ వ్యాసం 2004 ఏప్రిల్‌లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో అచ్చయింది. లైబ్రరీలో చదివినప్పుడు నా కళ్ళు ఇంకో అంకె దగ్గర ఆగిపోయాయి. ఊపిరితిత్తుల ధమనిలో పై (సిస్టోలిక్) పీడనం 105 నుంచి 98 దాకా మాత్రమే దిగింది. గణాంకాల లెక్కలో అది తగ్గినట్టే కాదు. జబ్బు పేరులో ఉన్న రక్తపోటు దాదాపు అలాగే ఉంది, కాని మనుషులు నడుస్తున్నారు, ఆయాసం, నీరసం తగ్గాయంటున్నారు. గుండె నిమిషానికి తోసే రక్తం మాత్రం పెరిగింది. శరీర విస్తీర్ణం లెక్కన 2.80 లీటర్ల నుంచి 3.45 లీటర్లకు. అంటే దారి కాస్త సడలేసరికి పంపు ఆ సడలింపును పీడనం తగ్గించడానికి కాక, ఎక్కువ రక్తం పంపడానికి వాడుకుంది. పీడనం ఒక్కదాన్నే కొలిచి ఉంటే ఈ మందు పనికిరాదని మూలన పడేసేవాళ్ళం. ఏది కొలవాలో ముందే ఆలోచించి, రాసిపెట్టుకొని, ఆ మాట మీద నిలబడటం ఈ పనిలో సగం.

ఇంకో మాట కూడా ఆ వ్యాసంలో ఉంది. మందులేని మాత్ర మింగుతున్న దశలో ఒక రోగి చనిపోయారు, మరొకరు స్పృహ తప్పి పడ్డారు. ఆ వాక్యం మీద నేను చాలా రాత్రులు ఆలోచించాను. జబ్బు ప్రాణం తీస్తుందని తెలిసి, ఉత్త మాత్ర ఎలా ఇచ్చారు? న్యాయమేనా? నా నిర్ణయం ఇది: న్యాయమే. సిల్డెనాఫిల్ మేలు చేస్తుందో కీడు చేస్తుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. తెలిసిన మందులు మామూలు ఇళ్ళకు అందే ధరలో లేవు. ఉత్త మాత్ర దశ ఆరు వారాలే, ముందో వెనకో ప్రతి ఒక్కరికీ అసలు మందు వంతు వస్తుంది. ఆ ఒక్కరి మరణం మీద నిలబడిన జ్ఞానం ఎందరినో నడిపించింది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఈ వేదిక మీద నుంచి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మరో పక్క పెద్ద పరీక్ష ఫైజర్ కంపెనీయే చేసింది. ఎన్నో దేశాల నుంచి 278 మంది, పన్నెండు వారాలు. ఆరు నిమిషాల నడకలో 45 నుంచి 50 మీటర్ల మెరుగుదల. 2005 జూన్‌లో అమెరికా అనుమతి, మోతాదు 20 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. ఆనాటి మన పేటెంటు చట్టం వల్ల మన కంపెనీలు అప్పటికే ఈ మాత్రను చవకగా తయారుచేస్తున్నాయి. గుండెనొప్పికి పనికిరాదని పక్కనబెట్టిన మందు అలా మన ఇళ్ళకు అందింది.

అందింది అన్నానా, ఆ అందడం ఎలా ఉండేదో ఒక్కటి చెబుతాను. తొలి రోజుల్లో 20 మిల్లీగ్రాముల మాత్ర కొట్లో ఉండేది కాదు. 50 మిల్లీగ్రాముల మాత్రను బ్లేడుతో రెండు ముక్కలు చేసుకోవాలి. గోల్‌మురి నుంచి ఒకావిడ వచ్చేది, నలభై ఏళ్ళుంటాయి, భర్త లేడు. నేను రాసిచ్చిన చీటీ మందుల కొట్లో ఇస్తే, అక్కడి కుర్రాడు చీటీ చూసి, ఆవిడ ముఖం చూసి, లోపలున్నవాణ్ణి పిలిచి మరీ చూపించాడట. ఆవిడ మందు తీసుకోకుండా ఇంటికెళ్ళిపోయింది. రెండు నెలల తరవాత కాళ్ళ వాపుతో వచ్చింది. ఆ రోజు నుంచి నేను చీటీ మీద జబ్బు పేరు పెద్ద అక్షరాలతో, హిందీలో, 'ఊపిరితిత్తుల గుండెజబ్బు మందు' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. మందుల కొట్లు నడిపేవాళ్ళు ఈ సభలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. బాబూ, ఈ మాత్ర చీటీతో ఆడపిల్ల వస్తే, అది ఆవిడ ఊపిరి అనుకొని ఇవ్వండి. ఒక్క జాగ్రత్త మాత్రం అడగండి: నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గానీ, ఏ నైట్రేట్ మందు గానీ వాడుతున్నారా అని. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇక్కడితో ఆపితే ఇది సంబరం కథ అవుతుంది. కాని ఇదే మాత్ర చేసిన కీడు గురించి చెప్పకపోతే ఈ ఊళ్ళో నిలబడి మాట్లాడే అర్హత నాకుండదు.

ఈ సింగ్‌భూమ్ పల్లెల్లో, పక్కనున్న ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీల ఇళ్ళలో సికిల్‌సెల్ రక్తహీనత ఉందని మీకు తెలుసు. దాని నిర్మూలనకు 2023 జులైలో కేంద్రం ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జబ్బున్నవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తుల పీడనం కూడా పెరుగుతుంది. వాళ్ళకు సిల్డెనాఫిల్ ఇస్తే? తర్కం ప్రకారం మేలు జరగాలి. అమెరికా, బ్రిటన్‌లలో పరీక్ష పెట్టారు. 74 మంది చేరేసరికే, 2009లో ఆపేయాల్సి వచ్చింది. సిల్డెనాఫిల్ వేసుకున్నవాళ్ళలో నూటికి 35 మంది భరించలేని నొప్పులతో ఆసుపత్రి పాలయ్యారు. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 14 మందే. పరీక్ష పెట్టకుండా, హైదరాబాదు ఫలితం చూసి ఈ పల్లెల్లో పంచి ఉంటే మనం ఏం చేసేవాళ్ళమో ఆలోచించండి.

ఇంకోటి, మన దేశానికి మరీ దగ్గరిది. చిన్నప్పటి కీళ్ళజ్వరంతో గుండె కవాటం పాడై, ఆపరేషన్ చేయించుకున్నాక కూడా ఊపిరితిత్తుల పీడనం దిగనివాళ్ళు మన ఆసుపత్రుల్లో లెక్కలేనంతమంది. వాళ్ళకి ఈ మాత్ర రాసే అలవాటు ఉంది, ఇప్పటికీ ఉంది. స్పెయిన్‌లో కవాటాల ఆపరేషన్ అయిన 200 మందికి ఆరు నెలలు ఇచ్చి చూశారు. సిల్డెనాఫిల్ తీసుకున్నవాళ్ళలో 33 మంది పరిస్థితి దిగజారింది, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళలో 14 మందిది. అక్కడ జబ్బు మూలం ఎడమ గుండెలో ఉంది. పేరు ఒక్కటే, పీడనం అంకె కూడా ఒక్కటే కావచ్చు, జబ్బు వేరు. ఈ సభలో కూర్చున్న యువ వైద్యులు ఇంకేం మరిచిపోయినా ఈ రెండు పరీక్షల్ని మరిచిపోకండి.

మిగతా గుండె మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎడమ గుండె అలసిపోతే బీటా బ్లాకర్లు ప్రాణం నిలబెడతాయి, కుడి గుండెకూ నిలబెడతాయేమోనని ఆశ. ఎలుకల్లో ఆశ ఫలించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో బిసోప్రొలాల్‌ని మనుషుల మీద క్రాస్ఓవర్ పద్ధతిలోనే చూస్తే గుండె తోసే రక్తం తగ్గింది, మేలు కనబడలేదు. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో కార్వెడిలాల్‌ని 30 మంది మీద ఆరు నెలలు చూశారు. తట్టుకోగలిగారు, కాని రోజూ రాసిచ్చేంత మేలు రుజువు కాలేదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్ 65 మంది మీద చూసి మధ్యలో ఆపేశారు. ఓడిన పరీక్షలు ఇవి. ఓడినా విలువైనవి. ఇవి లేకపోతే మన చీటీల మీద ఇంకో నాలుగు పనికిరాని మాత్రలు చేరేవి, ఆ ఖర్చు ఏ క్రేన్ డ్రైవరు జీతంలోంచో పోయేది.

పాత మందుకు ఇంకో కష్టం ఉంది. పేటెంటు పోయిన మాత్రను పరీక్షించడానికి ఏ కంపెనీ డబ్బు పెట్టదు, గెలిచినా లాభం పక్కవాడికీ పోతుంది కనక. ఆ పని ప్రభుత్వ నిధులతో, ఆసుపత్రుల పట్టుదలతో జరగాలి. మన దేశంలో దానికి దారి ఉంది. 2019 మార్చిలో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, అనుమతి ఉన్న మందును కొత్త జబ్బుకు పరీక్షించాలనుకునే వైద్యులు, అది వ్యాపారం కోసం కాకపోతే, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో చెయ్యవచ్చు. 2009 జూన్ నుంచి ప్రతి పరీక్షనూ ముందుగానే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చెయ్యడం తప్పనిసరి. ఓడితే దాచెయ్యడానికి వీల్లేకుండా అది కాపలా కాస్తుంది.

జంషెడ్‌పూర్‌లో ఎందుకు జరగకూడదు? టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది, ఎం.జి.ఎం. వైద్య కళాశాల ఉంది, 2020లో కొత్త వైద్య కళాశాల వచ్చింది. హైదరాబాదువాళ్ళు 22 మందితో చేసిన పనికి రాజమహళ్ళు అవసరం లేదు. ట్రెడ్‌మిల్ కావాలి, గడియారం కావాలి, ఎవరికి ఏ మాత్ర వెళ్ళిందో తాళం వేసి దాచే నిజాయితీ కావాలి. అన్నింటికన్నా ముందు రోగి సమ్మతి కావాలి. మన తెలుగు నేల మీదే 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలకు టీకా వేసిన అధ్యయనంలో, సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. ఆ మచ్చ మనకు గుర్తుండాలి. ఇక్కడ సమ్మతి పత్రం హిందీలో ఉంటే చాలదు. సంతాలీలో ఉండాలి, హో భాషలో ఉండాలి, బెంగాలీలో, ఒడియాలో, తెలుగులో ఉండాలి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించాలి. "వద్దు" అన్నవాళ్ళకు వైద్యంలో రవ్వంత తేడా రాకూడదు.

2004లో ఆ వ్యాసం చదివిన సాయంత్రం నేను మావయ్య ఇంటికి వెళ్ళాను. అప్పటికే రిటైరయ్యారు. వరండాలో కూర్చొని అంతా విన్నారు. చివరికి ఒకటే అడిగారు: "నాలుగేళ్ళ ముందు వచ్చుంటే మా పాప ఉండేదా?" నేను వైద్యుణ్ణి, అబద్ధం చెప్పలేను. ఆ పరీక్ష నడకనే కొలిచింది, ఆయుష్షును కాదు. 22 మందిని పన్నెండు వారాలు చూసి ప్రాణం నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. "ఉండేదో లేదో తెలియదు మావయ్యా. మెట్లు మాత్రం ఎక్కేదేమో" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాతి నెలలోనే ఈ నిధి పెట్టారు.

పోయినవాళ్ళను తేలేం. ఇవాళ ఈ జబ్బుకు మందులు పెరిగాయి, ఒకటికి రెండు కలిపి వాడుతున్నాం. కాని ఏ మందైనా జబ్బు బయటపడ్డాకే. నా చేతిలో పోయిన ఆరు నెలల్లాంటివి ఇప్పటికీ చాలా క్లినిక్కుల్లో పోతున్నాయి. అందుకే వైద్యులకూ, తల్లిదండ్రులకూ, అత్తమామలకూ కలిపి ఒక్కటే మనవి. వయసులో ఉన్న ఆడపిల్ల మెట్ల మధ్యలో ఆగి, పట్టీ సరిచేసుకుంటూ చెప్పు జారుతోందంటే ఆ మాట నమ్మకండి. ఉబ్బసం మందుకూ, రక్తం పట్టే మందుకూ ఆయాసం తగ్గకపోతే ఇంకో నెల చూద్దామనకండి. ఆ వారంలోనే ఎకో తీయించండి. డబ్బు లేదంటే, ఈ నిధిలోంచి ఆ ఖర్చు ఇవ్వమని మావయ్య ఈ ఉదయమే కార్యదర్శిగారి చేతికి కాగితం రాసిచ్చారు.